బండి తిరగని దారి

దర్జీ కొట్టు,
నగరం.

చిన్నదానికి,

నేను క్షేమమని రాస్తే అబద్ధం, కాదని రాస్తే నీకు దిగులు. అందుకని ఆ మాట దాటేస్తున్నాను. ఈ ఉత్తరం ఇంట్లో రాయడం లేదు. సందు చివర దర్జీ కొట్లో కాజాలు కుట్టే పనికి కుదిరాను. బొత్తాల డబ్బా మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. జవాబు దర్జీ పేరున రాయి, ఇంటికి మాత్రం రాయకు. నా రాత కోడి కెలికినట్టుంటుంది, నీకు అలవాటే.

అమ్మాయి చెవిలోంచి ఇంకా నెత్తురు కారుతోంది. బస్సు కండక్టర్ని టైమెంతయిందని అడిగిందట. అల్లుడుగారు బెల్టు తీశారు. నేను తలుపు అవతల నిలబడి "బాబూ, బాబూ" అన్నాను. అంతకంటే నాకు మాట రాదు. ఆయన తలుపు తీసి, "అత్తయ్యగారూ, మీకు బీపీ, వెళ్ళి పడుకోండి" అన్నారు. ఎంత మర్యాదగా అన్నారో! అమ్మాయి జుట్టు అప్పటికీ ఆయన చేతికి చుట్టుకునే ఉంది.

నీ దగ్గరికి పంపేద్దామంటే రోడ్డు ఉన్నంత మేరా ఆయనే. డ్రైవర్ల సంఘానికి పెద్ద కదా. బస్సు, లారీ, ఆటో, ఏది తోలేవాడికైనా ఆయన అన్న, ఇది వదిన. ఏటేటా సంఘం సభలో వేదిక మీద పక్కన కూర్చోబెట్టుకుంటారు, మొహం తెలియనివాడు లేడు. మొదటిసారి బస్సెక్కింది. డ్రైవరు టీకి ఆపినట్టు ఆపి, జనంతో సహా బస్సు వెనక్కి తిప్పాడు. "వదినగారిని భద్రంగా తెచ్చామన్నా" అని గుమ్మంలో దింపాడు. ఆ రోజు మణికట్టు విరిగింది. రెండోసారి కూరగాయల వ్యానులో గోనెల మధ్య కూర్చుని వెళ్ళింది, టోల్‌గేటు దాటలేదు. ఆ రోజు పక్కటెముకలు. పోలీసుల దగ్గరికి వెళ్ళమంటావు. స్టేషన్ జీపు తోలేవాడే సంఘానికి కోశాధికారి!

ఈసారి కదిలితే చంపేస్తానన్నారు. అరిచి అంటే ఇంత భయపడేదాన్ని కాదు. టీ తాగుతూ, పేపరు తిరగేస్తూ అన్నారు.

చిన్నీ, ఒక్కటే అడుగుతున్నాను. ఇంజనున్న బండి తిరగని దారి నీ సముద్రం దాకా ఏదైనా ఉందా?

అక్క


సైకిలు కొట్టు,
సముద్రపు ఒడ్డు.

అక్కా,

నీ ఉత్తరం చదివి చేతిలో ఉన్న స్పానరు గోడకేసి కొట్టాను. పెచ్చు ఊడింది. బెల్టు తీశారా? అన్నారా? వాడికి నువ్వు గారూ గీరూ తగిలించి రాస్తుంటే నా ఒళ్ళు మండిపోతోంది. ఇంకా నయం, "చక్కగా కొట్టారు" అని రాయలేదు.

నడిచొస్తే దారిలోనే పట్టుకుంటారు. సైకిలు మీద రావాలి. అమ్మాయికి తొక్కడం నేర్పింది ఈ కొట్లో నేనే. మోకాలి చిప్పలు లేచిపోయేలా పడి నేర్చుకుంది. మనసు మరిచిపోయినా కాలు మరిచిపోదు.

పాత కాలువ లాకులు గుర్తున్నాయా, చిన్నప్పుడు నువ్వు జారిపడి ఊరంతా వినపడేలా ఏడ్చిన చోటు? మీ వైపు నుంచి అక్కడి దాకా దారి నువ్వు వెతుకు. సముద్రం నుంచి అక్కడి దాకా నేను వెతుకుతాను. చాపని రెండు కొసల నుంచీ అల్లినట్టు మధ్యకి వద్దాం.

దారి ఎలా పోల్చుకోవాలో చెబుతాను. నేల చూడు. జంట టైర్ల గాడి కనపడితే ఆ దారి వదిలెయ్యి. పేడ, చెప్పుల జాడ, సన్నటి సైకిలు గీత ఉంటే మనది. ఎవరినైనా అడిగేటప్పుడు అమ్మాయికని అనకు, నీకే అని చెప్పు. ఈ వయసులో నీకు సైకిలేమిటని నవ్వుతారు. నవ్వనీ. నవ్వినవాడు వెళ్ళి చాడీ చెప్పడు.

భయపడకు అని రాయను. నిన్ను భయపడొద్దనడమూ కప్పని దూకొద్దనడమూ ఒకటే. భయపడుతూనే వెతుకు.

చెల్లెలు


దర్జీ కొట్టు,
నగరం.

చిన్నదానికి,

దారి దొరికింది. దొరికిందని సంతోషించేలోపే లక్ష అనుమానాలు.

చేపల ఐసు మూడు చక్రాల బండి మీద తొక్కుకెళ్ళే అతను ఒకడు దర్జీ కొట్టు ముందు నీళ్ళు తాగడానికి ఆగుతాడు. "నాయనా, లారీలు లేని దారేదైనా ఉందా, నాకు హారన్ వింటే గుండె దడ" అన్నాను. "బామ్మా, నేనసలు పెద్దరోడ్డు ఎక్కితేనా! ఎర్రదీపం దగ్గర నిలబడితే నా సరుకు డ్రైనేజీలో కలిసిపోద్ది" అన్నాడు. ఐసు బండ్లవాళ్ళందరికీ ఒక దారి ఉందట. బట్టల మిల్లు వెనక గోడ, గోడ అయ్యాక పట్టాలు పీకేసిన పాత రైలుకట్ట. అది పెద్దరోడ్డు వంతెన కింద నుంచి దూరి తిన్నగా లాకులకి పోతుందట. కట్ట మీద కంకరుంది కాబట్టి బురద ఉండదు. మధ్యలో కల్వర్టు సగం కూలింది కాబట్టి ఆటో కూడా దూరదు, తొక్కుడు బండ్లని దిగి ఎత్తి దాటిస్తారట.

అతని మాట నమ్మినా నా కాళ్ళు నమ్మలేదు. నేనే నడిచి చూశాను. కుక్కలుంటాయా, పాములుంటాయా, మూత లేని నుయ్యి ఉంటుందా అని చూసుకుంటూ పోయాను. అవేవీ లేవు. వంతెన కింద మాత్రం ఇద్దరు ఒక మనిషిని పడేసి ఇటుకతో కొడుతున్నారు. పైన వందల బండ్లు పోతున్నాయి, ఒక్కడికీ కనపడదు. దెబ్బ దెబ్బకీ వాడి కాలు కంకరని తన్నుతోంది. నేను కర్రలా నిలబడిపోయాను. ఒకడు ఇటుక పట్టుకునే నావైపు తిరిగి, "ఏంటే ముసల్దానా, నీక్కూడా కావాలా?" అన్నాడు. పరుగెత్తాను చిన్నీ, ఈ మోకాళ్ళతో. చప్పుడు లేని దారి అంటే చూసేవాడు లేని దారి కూడానని అప్పుడు తెలిసింది. అమ్మాయికి చెప్పాను, వంతెన కింద ఎవడు పిలిచినా, ఎవడు ఏడ్చినా ఆగొద్దని. చెప్పి, ఇలాంటి మాట చెప్పానేమిటా అని అన్నం మానేశాను.

దర్జీ తన పాత సైకిలు గుడ్డల తానుల వెనక దాచింది. తాళానికి గొలుసు కూడా ఇచ్చింది, బరువైన గొలుసు. అమ్మాయి కొలతలకని వచ్చి, కొట్టు వెనక స్టాండు వేసి ఉన్నచోటే తొక్కుతోంది. చక్రం తిరుగుతుంది, తను కదలదు. నిన్న తొక్కుతూ తొక్కుతూ పక్కకి ఒరిగింది. అల్లుడు కడుపులో తన్నాడట. నాతో చెప్పలేదు, దర్జీతో చెప్పింది. నేను దిగులు పడతానని.

నీ సగం త్వరగా రాయి.

అక్క


సైకిలు కొట్టు,
సముద్రపు ఒడ్డు.

అక్కా,

ఎడం చేత్తో రాస్తున్నాను, కుడి చేతికి కుక్క కరిచిన కట్టు. నీ శాపం తగిలినట్టుంది. ఉప్పుమళ్ళ కావలివాడి కుక్క అది. పిక్క పట్టుకోబోయి చెయ్యి పట్టుకుంది, వదల్లేదు. సైకిలుకి గాలి కొట్టే పంపుతో ముక్కు మీద కొట్టాను. అయినా వదలకపోతే నెత్తి మీద కొట్టాను, వదిలే దాకా. వదిలాక ఇక లేవలేదు. కావలివాడు కర్రెత్తుకుని వచ్చాడు. "నా కుక్కని చంపావు" అని వాడు, "నన్ను సగం తిన్నది" అని నేను. ఒకళ్ళ గొంతు ఒకళ్ళం పట్టుకున్నంత పనయింది. చివరికి, కొట్టే మొగుడి దగ్గర్నుంచి ఆడపిల్ల వస్తుందిరా, అందుకే ఈ దారి పట్టానని చెప్పాను. కర్ర దించాడు. వాడి చెల్లెలు అలాగే పోయిందట. ఆ రోజు ముళ్ళకంప గేటు తెరిచి ఉంచుతానన్నాడు. ఉంచకపోతే ఏం చేస్తానో పంపు చూపించి చెప్పాను.

నా సగం రాసుకో. సముద్రం, ఉప్పుమళ్ళు, ముళ్ళకంప గేటు, అక్కడి నుంచి కాలువ గట్టు, గట్టు పట్టుకుంటే లాకులు. గట్టు మీద మనిషన్నవాడు లేడు. ఒక్కటే జాగ్రత్త, కాలువ ఎప్పుడూ కుడిచేతి పక్కనే ఉండాలి. అవతలి గట్టు మీద కంకర మిల్లుంది. అక్కడ లారీలు చీమల్లా బారు కట్టి ఉంటాయి. ఆ గట్టెక్కితే పులి నోట్లో తల పెట్టినట్టే. అందుకని మళ్ళీ రాస్తున్నాను: కాలువ కుడిచేతి పక్క. అమ్మాయి చేత అప్పజెప్పించుకో.

సంఘం ఎన్నికలు వస్తున్నాయని ఇక్కడి లారీవాళ్ళు చెప్పుకుంటున్నారు. ఓట్ల పొద్దున వాడికి పెళ్ళాం కాదు, ప్రాణం పోయినా గుర్తుండదు. ఆ పొద్దున పంపెయ్యి. నేను ముళ్ళకంప దగ్గర నిలబడి ఉంటాను.

చెల్లెలు


పెద్దాసుపత్రి, ఆడవాళ్ళ వార్డు,
నగరం.

చిన్నీ,

అమ్మాయి చేరిందా? ఏదైనా సరే రాయి. చేరకపోయినా రాయి.

ఓట్ల పొద్దున వాడు గడప దాటగానే బయలుదేరింది. తలకి గుడ్డ చుట్టుకుని, గొలుసు హ్యాండిల్‌కి చుట్టుకుని పోయింది. మిల్లు గోడ మలుపు దాకా చూశాను. తర్వాత ఇంటికొచ్చి, చెయ్యాల్సిన పనులు లేకపోయినా చేస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం వాడు దండలతో వచ్చాడు, గెలిచాడు. పెళ్ళాం లేదని చూసుకుని నా పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. "అత్తయ్యగారూ, ఏ బండి ఎక్కింది?" అన్నాడు. "ఏ బండీ ఎక్కలేదు బాబూ" అన్నాను. నిజమే కదా! చెంప మీద కొట్టాడు. బస్టాండుకి ఫోను చేశాడు, ఆటో స్టాండుకి చేశాడు, లారీ ఆఫీసుకి చేశాడు. ఎవరూ చూడలేదన్నారు. ఫోను పెట్టినప్పుడల్లా "ఏ బండి?" అని ఒకటి కొట్టేవాడు. లోకంలో ఇంజను లేకుండా మనిషి కదలగలదని వాడి బుర్రకి తట్టలేదు. చివరికి నా ఎడం చెయ్యి తలుపు సందులో పెట్టించాడు. "ఏ బండి?" అన్నాడు. నేను చెప్పలేదు. తలుపు వేశాడు. మళ్ళీ తెరిచి మళ్ళీ వేశాడు. వేళ్ళు నావి కానట్టు చూస్తూ కూర్చున్నాను.

అసలు విషయం ఇది కాదు. ఇందాక నర్సు కట్టు కట్టడానికి నాకెదురుగా కూర్చుంది. నా ఎడం చెయ్యి ఆమెకి కుడి పక్కనుంది. ఆ చెయ్యి చూస్తూ చూస్తూ కేక పెట్టాను. నొప్పనుకుని ఆమె సూది వెయ్యబోయింది. చిన్నీ, నువ్వు సముద్రం నుంచి ఇటు వస్తూ రాశావు, కాలువ కుడిచేతి పక్కని. అమ్మాయి ఇటు నుంచి అటు పోతోంది! దానికి కాలువ ఎడంచేతి పక్క ఉండాలి. నేను దాని చేత పొద్దునా సాయంత్రం అప్పజెప్పించాను, కుడిచేతి పక్క, కుడిచేతి పక్క అని. కంకర మిల్లు గట్టు మీదికి నా నోటితో నేనే పంపాను.

ఇద్దరం ముసలివాళ్ళం, అన్నిటికీ భయపడ్డాం, దీనికి భయపడలేదు.

అక్క


సైకిలు కొట్టు,
సముద్రపు ఒడ్డు.

అక్కా,

ముందు ఇది చదువు: బతికే ఉంది. ఊపిరి పీల్చుకుని మిగతాది చదువు.

నువ్వన్నట్టే అయింది. ముళ్ళకంప దగ్గర నిలబడి నేనూ ఎంతకీ రాదేమని చూస్తూనే ఉన్నాను. అది లాకుల దగ్గర కాలువని కుడిచేతికి పెట్టుకుని తిన్నగా అవతలి గట్టెక్కింది. మలుపు తిరిగేసరికి కంకర మిల్లు. ఓట్లు వేసేసి వచ్చిన లారీలు బారుగా ఉన్నాయి. ఒక మీసాలవాడు కిందికి దూకి, "అయ్యో వదినా, ఎండలో సైకిలేంటి? ఎక్కండి, అన్న దగ్గర దింపుతా" అని హ్యాండిల్ పట్టుకున్నాడట. "వదలవయ్యా" అంది. "అన్న నన్ను చంపేస్తాడమ్మా" అన్నాడు. "నన్నేం చేస్తాడనుకుంటున్నావు?" అంది. వాడు నవ్వి, "అది మీ ఇంటి సంగతి" అన్నాడట.

ఆ మాటకి గొలుసు విప్పింది అక్కా. మొహం మీద అడ్డంగా ఒక్కటి కొట్టింది. వాడి కన్ను పోయిందో ఉందో తెలీదు. వాడు కిందపడ్డాక కూడా కొట్టింది. ఇద్దరు క్లీనర్లు పట్టుకుని ఈడిస్తే ఒకడి చెయ్యి కొరికింది. వాళ్ళు సైకిలు లాక్కుని లారీ చక్రం కింద పడేసి తొక్కించారు. ఆ సందులో ఇది కాలువలో దూకింది. రాళ్ళేశారు, నెత్తి పగిలింది. బురదలో మునిగీ తేలీ ఇవతలి గట్టెక్కింది.

నా కంటికి కనపడేసరికి నెత్తురూ బురదా కలిసిన బొమ్మలా నడిచొస్తోంది. నన్ను పోల్చుకోలేదు. నా మీదికే గొలుసెత్తింది. "పిన్నినే, నేనే పిన్నిని" అంటే అప్పుడు నేల మీద కూలబడింది. గొలుసు పట్టుకున్న వేళ్ళు ఒక్కొక్కటే విప్పాను. నెత్తికి కుట్లు పడ్డాయి. గంజి తాగుతోంది. మాట తక్కువ.

ఇక వాడికి తెలిసిపోయింది, ఎక్కడుందో. రానీ. నీ వేళ్ళు ఎలా ఉన్నాయి?

చెల్లెలు


పోలీస్ స్టేషన్,
నగరం.

చిన్నీ,

దర్జీ అన్నం తెచ్చి, ఈ కాగితం కింద పెట్టి ఇచ్చింది. నేను కటకటాల లోపల ఉన్నాను. కంగారు పడకు. కూర్చోవడానికి బల్ల ఉంది.

ఆసుపత్రి నుంచి వాడే వచ్చి ఇంటికి తెచ్చాడు, నలుగురూ చూసేలా చెయ్యి పట్టుకుని మరీ తెచ్చాడు. తెల్లారి వాకిట్లో రెండు వ్యాన్లు ఆగాయి. పెట్రోలు డబ్బాలు ఎక్కిస్తున్నారు. "పిన్నిగారి కొట్టుకి చలిమంట వేసొస్తాం అత్తయ్యగారూ, మీ అమ్మాయిని తెస్తాను, ఎంత మిగిలితే అంత" అన్నాడు. మెట్టు మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. పక్కనే టైర్లు విప్పే వీల్‌స్పానరు పడుంది.

నేను ఏమాలోచించానో చెబితే నువ్వు తిడతావు. దారిలో వీడికి ఏమైనా అయితే, వేగంగా తోలి ఎవరినైనా గుద్దితే, అనుకున్నాను. తర్వాత, అసలు తోలకపోతే బాగుండును అనుకున్నాను. స్పానరెత్తి కుడి పాదం మీద వేశాను. బ్రేకు తొక్కే కాలు అదే కదా. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడయింది. "అత్తయ్యా!" అని అరిచాడు. "కాస్త ఓర్చుకో బాబూ" అన్నాను, చిన్న పిల్లలకి చెప్పినట్టు ఎందుకొచ్చిందో ఆ మాట! మళ్ళీ వేశాను. బూటులోంచి నెత్తురు ఊరింది. మళ్ళీ వేశాను. ఒంటిచేత్తో ఎన్ని వేశానో తెలీదు. వ్యాన్ల దగ్గరున్న వాళ్ళు డబ్బాలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ముసల్దాన్ని ఎలా ఆపాలో వాళ్ళకెవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఒకడికి తెలివొచ్చి నన్ను గోడకేసి కొట్టాడు.

పాదం తీసేస్తారంటున్నారు. వ్యాన్లు బయలుదేరలేదు.

సంఘం వాళ్ళంతా వచ్చి ఈవిడకి పిచ్చని, అల్లుడు దేవుడని రాసిచ్చారు. ఇన్‌స్పెక్టరు, "మీ అమ్మాయి వచ్చి జరిగింది చెబితే తప్ప నేనేం చెయ్యలేను బామ్మా, లేకపోతే నువ్వు ఇక్కడే పోతావు" అన్నాడు. నాకేం ఫరవాలేదు. అమ్మాయిని మాత్రం రానివ్వకు. మీసాలవాడి మనుషులు కాలువ రెండు గట్ల మీదా కాపలా ఉన్నారని ఐసతను చెప్పాడు. ఇక దారి లేదు. కట్టేసైనా అక్కడే ఉంచు. తలగాయానికి చల్లగాలి తగలనివ్వకు.

అక్క


సైకిలు కొట్టు,
సముద్రపు ఒడ్డు.

అక్కా,

కట్టెయ్యమన్నావు, నీ కూతుర్ని ఎవరు కట్టేస్తారు? నీ ఉత్తరం అది నాకంటే ముందే చదివేసింది.

ఇప్పుడు కొట్టు ముందు కూర్చుని నా కొత్త సైకిలుకి గాలి కొడుతోంది. నేను రాస్తూ అరుస్తున్నాను, అది గాలి కొడుతూ అరుస్తోంది.

"గట్ల మీద కాపలా ఉన్నారే" అన్నాను.

"నేను గట్టు మీద పోవడం లేదు పిన్నీ."

"మరి?"

"పెద్దరోడ్డు మీద."

"లారీలే దాని నిండా! ప్రతివాడూ నిన్ను పోల్చుకుంటాడు."

"పోల్చుకోనీ. అమ్మని ఇటుకతో బెదిరించిన వంతెన కింద నుంచి పోతే నన్ను చంపినా ఎవడికీ తెలీదు. వంతెన మీద నుంచి పోతే బస్సులో ఉన్నవాళ్ళందరూ చూడాలి. తలకి గుడ్డ కూడా చుట్టుకోను. కుట్లు కనపడనీ."

"ఎవడైనా చెయ్యేస్తే?"

అది గొలుసు తీసి మెడలో వేసుకుంది.

నేను వెనక కూర్చుంటానన్నాను. "నీ బరువుకి లారీ కావాలి" అంది. వచ్చిన దగ్గర్నుంచి అది నవ్వడం ఇదే మొదటిసారి. నవ్వితే కుట్లు లాగినట్టున్నాయి, నెత్తి పట్టుకుంది.

నాకూ భయంగానే ఉంది అక్కా. నీ రోగం నాకంటింది. దారిలో ఏమైనా అయితే అని ఒకటే గుబులు. అందుకే ఈ కాగితం పోస్టులో వెయ్యడం లేదు, దాని చేతికే ఇస్తున్నాను. ఇది నీ దాకా వచ్చిందంటే అది తెచ్చిందన్నమాట. కటకటాల అవతల నిలబడి, ఈ అమ్మ ఎంతసేపు చదువుతుందా అని నిన్నే చూస్తూ ఉంటుంది.

చదివింది చాలు. తలెత్తు.

చెల్లెలు